మోల్డ్ బంగారు తొడుగు గురించి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

డైరెక్టర్ గారూ, నమస్కారం.

రెండుసార్లు ఉత్తరం రాసినా జవాబు రాలేదు, అందుకే నలుగురి ముందూ అడుగుతున్నాను. 1833లో వేల్స్‌లోని మోల్డ్ దగ్గర మట్టిదిబ్బ తవ్విన కూలీలు, అందులో దొరికిన బంగారు రేకును ముక్కలు చేసి పంచేసుకున్నారు. చాలాకాలం అది గుర్రం రొమ్ముకు కట్టే కవచమనే అనుకున్నారు, ముక్కలన్నీ కూర్చి చూశాకే సన్నటి మనిషి భుజాలకు వేసే తొడుగని తేలింది. దగ్గరికెళ్లి చూస్తే పూసల దండల్లా వరసలు వరసలుగా ఉబ్బెత్తు చుక్కలు, మూడున్నర వేల ఏళ్లు దాటిన చేతిపని! సొంత నేలలో దొరికినదాన్ని చూడటానికి ఆ ఊరి పిల్లలు లండన్ దాకా ప్రయాణం చేయాలా?

2013లో పక్కనే ఉన్న రెక్సమ్‌లో కొన్ని వారాలు ప్రదర్శించారు, అంటే పంపడం సాధ్యమే కదా సార్. ఉత్తర వేల్స్‌కు దీన్ని దీర్ఘకాలం అప్పుగా ఇవ్వండి. ఎప్పుడు ఇస్తారో తేదీతో సహా రాతపూర్వకంగా చెప్పండి.