మామా, మెడ తిరిగిన పెట్టను అప్పుడే పులుసులో వెయ్యబాకు

తిరుపతి
ఆదివారం పొద్దున

రేయ్ మామా,

నీ జాబు చేరింది, పాప గీసిన బొమ్మతో సహా. తల కాళ్ల మధ్యలోకి పోయి, ముక్కు ఆకాశం పక్కకి తిరిగిన కోడి. పశువుల డాక్టరు ఎవరైనా ఆ బొమ్మ చూసే రోగం పేరు చెప్పేస్తాడు, అంత సరిగ్గా గీసింది. డాక్టర్లు దీన్ని టార్టికోలిస్ అంటారు, ముచ్చటకు కోళ్లు పెంచేవాళ్లు రై నెక్ అంటారు, మన పల్లెల్లో అయితే ‘మెడ తిరుక్కునింది’ అంటే చాలు.

మీ నాయన అప్పుడే సంగటికి రాగిపిండి జల్లిస్తాండారని రాసినావు. పెద్దాయన్ను నాలుగు వారాలు ఆగమను. రోగమేందో తెలియని కోడిని, అదీ మందులు పడిన కోడిని, ఎట్లాగూ తినకూడదు. పైగా మెడ తిరిగిన కోళ్లు చానా వరకు మెడ వల్ల చావవు. గిన్నె ముందరే ఉన్నా ముక్కు అందక, దాహంతోనో ఆకలితోనో పోతాయి. లేకుంటే తోటి కోళ్లు పొడిచి చంపుతాయి. మందు పనిచేసేదాకా దాన్ని బతికించుకోవడమే నీ పని.

అందుకే ఈ జాబు చదవతానే దాన్ని మంద నుంచి వేరు చెయ్. మామిడికాయల అట్టపెట్టె సరిపోతాది. అడుగున పేపరు వెయ్యబాకు, కాళ్లు జారి ఇంకా పల్టీలు కొడతాది. గోనెపట్ట పరిచి పైన వరిగడ్డి వెయ్. పాత తువ్వాలును బిందె కింద పెట్టే చుట్టకుదురు మాదిరి చుట్టి, మధ్యలో కోడిని కూర్చోబెట్టు. రొమ్ము ఆనుకోను ఆసరా ఉంటే దొర్లదు. పెట్టె మీద సగం దాకా గుడ్డ కప్పు. కుక్క అరుపు, కాకి నీడ, పిల్లోళ్ల కేకలు, ఏది పడినా మెడ ఇంకో చుట్టు తిరుగుతాది. బెదురు తగ్గితే మెడ కూడా కొంచెం సడలుతాది, అది నువ్వే గమనిస్తావు.

నీళ్ల గిన్నె మాత్రం లోపల పెట్టి పోబాకు. తల తిప్పుకోలేని కోడి రెండు అంగుళాల నీళ్లలో కూడా మునిగి చస్తాది. నువ్వు పక్కన ఉన్నప్పుడే తాపించాల.

తాపించేది ఇట్లా. తుండుగుడ్డలో రెక్కలు కదలకుండా చుట్టి, ఒళ్లో పెట్టుకో. ఎడమ చేతి రెండు వేళ్లతో దవడల కింద తలను పట్టుకుని, మెల్లగా, అది ఎంత వరకు ఒప్పుకుంటే అంత వరకే పైకి తే. నోరు తెరిచి చూస్తే నాలుక మొదట్లో మధ్యన చిన్న చీలిక తెరుచుకుంటా మూసుకుంటా ఉంటాది, అది ఊపిరి గొట్టం. దాంట్లోకి నీళ్లు పోతే ఊపిరితిత్తులు నిండి కోడి పోతాది. అందుకే నోట్లోకి పొయ్యకుండా, ముక్కు పక్క అంచున ఒక్కో చుక్కా వదలాల. చుక్క లోపలికి జారి, కోడి మింగినాకే ఇంకోటి. గరగరమని చప్పుడు వస్తే వెంటనే ఆపి తలను కిందికి వంచు. పెద్ద పెట్టకు రోజుకు పావు లీటరు దాకా నీళ్లు కావాల, మన ఎండల్లో అంతకు రెట్టింపు. ఒక్కసారి కుదరదు కాబట్టి మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి తాపించు.

మేతకు లేయర్ మాష్ (గుడ్లు పెట్టే కోళ్ల దాణా పొడి) రెండు చెంచాలు, గోరువెచ్చని నీళ్లు నాలుగు చెంచాలు కలిపి పది నిమిషాలు నానబెట్టు. అట్ల పిండికన్నా ఒక పిసరు పలచగా రావాల. అందులో ఉడికిన గుడ్డు పచ్చసొన నలిపెయ్. సూది తీసేసిన సిరంజితో పూటకు 20 నుంచి 30 మిల్లీలీటర్లు, రోజుకు నాలుగు పూటలు. నూక అడ్డం పడకుండా ముందే జల్లెడ పట్టు. ప్రతి పూటా ముందు మెడ కింద మేతసంచిని తడిమి చూడు, ఇంకా నిండుగా ఉంటే ఆ పూట ఆపెయ్. తెల్లారి తడిమితే ఖాళీగా, మెత్తగా ఉండాల. గట్టిగా ఉన్నా, పుల్లటి వాసన వచ్చినా అరగలేదని లెక్క.

సిరంజి మొదటి నాలుగు రోజులకే. తనంతట తను పొడుచుకోవడం మొదలుపెడితే అదే మేలు. దానికి వెడల్పు పళ్లెం పనికిరాదు, గురి తప్పి నేలను పొడుస్తాది. లోతు గిన్నెలో మేత గుట్టగా పోసి, ఇటుక మీద పెట్టి రొమ్ము ఎత్తుకు తే. గుట్ట ఉంటే పదిట్లో నాలుగు పోట్లు అయినా తగులుతాయి. నువ్వు తలకు రెండు వేళ్ల ఆసరా ఇస్తే ఏడు తగులుతాయి. వంటింటి తూకం ఉంటే రోజూ పొద్దున్నే, మేతకు ముందు తూచి రాసి పెట్టుకో. ఈకల్లో కోడి చిక్కింది కంటికి తెలియదు, అంకెలో తెలుస్తాది.

ఇంక అసలు కారణం. మెడ తిరగడం వెనక చానా ఉంటాయి, ముందు చెడ్డవి తీసెయ్. పచ్చటి రెట్ట, ముక్కులో చీమిడి, గురక, మందలో ఇంకో రెండు ముడుచుకుని కూర్చోవడం, ఇవి కనిపిస్తే ముందు కొక్కెర తెగులని అనుమానించాల. దాని నుంచి బతికి బయటపడిన కోళ్లకు కూడా మెడ వంకర మిగిలిపోతాది. దానికి మందు లేదు, టీకానే. వారం వయసులో లసోటా చుక్క, ఎనిమిది వారాల పైన ఆర్‌టూబీ సూది. ఒక కాలు ముందుకి ఒక కాలు వెనక్కి చాపి పడుకుంటే మారెక్స్ అనే వైరస్ రోగమని అనుమానించాల, కానీ అది ఎక్కువగా ఆరు నుంచి ముప్పై వారాల లోపు వాటికి వచ్చేది, నీ పెట్టకు ఏడాది దాటింది. మెడ మెలి తిరగకుండా తడిగుడ్డ మాదిరి వాలిపోయి, ఈకలు లాగితే ఊడి వస్తాంటే అది కుళ్లిన మాంసమో పురుగులో తిని వచ్చిన విషం. చెవి కూడా చూడు: కన్ను వెనక చిన్న ఈకలు పక్కకు తియ్, జున్ను ముక్కలాంటి చీము ఉందా, వాసన వస్తాందా అని. నెత్తిన దెబ్బ తగిలినా ఇట్లనే అవుతాది. మందలో ఉన్నట్టుండి మూడు నాలుగు చస్తే మాత్రం కొయ్యకుండా, పారెయ్యకుండా పశువుల ఆసుపత్రికి చెప్పు. 2024 ఫిబ్రవరిలో పక్క నెల్లూరు జిల్లాలోనే బర్డ్ ఫ్లూ వచ్చింది.

నువ్వు రాసిన దాంట్లో ఇవేవీ లేవు. మిగతా కోళ్లు బాగుండాయి, రెట్ట మామూలుగా ఉండాది. ఉన్నవి మూడు సంగతులు, మూడూ నువ్వు దారిలో పోతా పోతా రాసినవే. ఆరు నెలలుగా దానికి ఎక్కువగా ఇంట్లో మిగిలిన తెల్లన్నమే మేత. పోయిన నెల ఎర్ర రెట్ట పడితే ఆంప్రోలియం పొడి తెచ్చి ఇరవై రోజులు నీళ్లలో కలిపినావు. బలానికని చెనక్కాయ చెక్క, తవుడు పెడతాండావు, మూట వానాకాలం ముందు కొన్నది.

మొదటి సంగతి వినిపిస్తే మీ నాయన కూడా నవ్వుతారు. బి1 విటమిన్ కథ మొదలైందే అన్నం తిన్న కోళ్లతో. 1890ల్లో జావాలో క్రిస్టియాన్ ఐక్‌మాన్ అనే డచ్చి డాక్టరు ప్రయోగశాల కోళ్లకు నరాలు పట్టు తప్పి కూలబడటం చూసినాడు. అవి తింటాండింది ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం. కొత్తగా వచ్చిన వంటాయన సైనికుల బియ్యం కోళ్లకు ఇవ్వనన్నాడు, దంపుడు బియ్యానికి మారినాయి, కోలుకున్నాయి. ఆ పనికే ఐక్‌మాన్‌కు 1929లో నోబెల్ వచ్చింది. పాలిష్ పట్టిన బియ్యంలో తవుడుతో పాటు థయమిన్, అంటే బి1, కూడా పోతాది. అది లేకుంటే మెడ వెనక్కి వాలి కోడి నక్షత్రాలు చూస్తున్నట్టు కూర్చుంటాది.

దానికి తోడు ఆంప్రోలియం. రక్తపు రెట్ట తెచ్చే పురుగుకు థయమిన్ అందకుండా చెయ్యడమే దాని పని, ఆ మందు రూపం థయమిన్‌ను పోలి ఉంటాది. రోజులు మీరి, మోతాదు మీరి ఇస్తే కోడికి కూడా అందదు. అంగడాయన ఎన్ని రోజులో చెప్పలేదన్నావు, ప్యాకెట్ మీద రాసి ఉంటాది చదువు. ఇప్పుడు మిగిలిన పొడి ఉంటే పక్కన పెట్టు. బి1 ఇస్తా అదీ కలిపితే ఒకదాన్నొకటి తినేస్తాయి.

మూడోది తవుడు. తాజా తవుడు బంగారమే, కానీ దాంట్లో నూనె ఉండాది. నెలలు నిలవుంటే కారు వాసన వస్తాది, ఆ కారిన నూనె ఇ విటమిన్‌ను నాశనం చేస్తాది. ఇ లేకుంటే చిన్నమెదడు దెబ్బతిని తూలడం, తల మెలితిరగడం వస్తాయి, ముఖ్యంగా కోడిపిల్లల్లో. చెనక్కాయ చెక్కకు బూజు పడితే అఫ్లటాక్సిన్ విషం వేరే. ఆ మూట ఎండబెట్టి మళ్లీ పెడదామనుకోబాకు, ఎండకు ఆ విషం పోదు. గుంత తీసి పూడ్చెయ్.

మోతాదు రాసుకో. ఒకటిన్నర, రెండు కిలోల పెట్టకు ఇ విటమిన్ 400 యూనిట్ల గుళిక రోజుకు ఒకటి, మెడికల్ షాపులో ఆకుపచ్చ రంగులో దొరికేదే. సూదితో పొడిచి, నూనెను ముక్కు అంచున చుక్కచుక్కగా పిండు. బి కాంప్లెక్స్ మాత్రలో బి1 10 మిల్లీగ్రాములు ఉండేది చూసి కొను, సగం నూరి మేతలో కలుపు, పొద్దున సాయంత్రం. సెలీనియం అనే ఖనిజం తోడుంటే ఇ బాగా పనిచేస్తాది, కానీ సెలీనియం ఎక్కువైతే విషం, మాత్రల జోలికి పోబాకు. ఒక గుడ్డులో సుమారు 15 మైక్రోగ్రాములు ఉంటాది, రోజుకో ఉడికిన గుడ్డు చాలు. పెట్టకు దాని గుడ్డే పెట్టేది బాగలేదంటే పాపకు చెప్పకుండా పెట్టు.

అంగట్లో కోళ్ల టానిక్ అని చేతిలో పెడితే లేబుల్ తిప్పి చూడు. ఎ, డి3, ఇ, బి12 అని ఉండి థయమిన్ పేరే లేనివి ఉంటాయి, నీకు అవి పనికిరావు. ఎ విటమిన్ ఎక్కువైతే ఇ ఒంటబట్టదు కూడా.

మన ఒంటినొప్పుల డైక్లోఫెనాక్ చుక్క కూడా ఇవ్వబాకు, కోడి మూత్రపిండాలు దెబ్బతింటాయి. రాబందుల చావుకు కారణమని 2006లో పశువైద్యంలో నిషేధించింది ఆ మందునే. ఇంకోటి, పుత్తూరులో ఉండావు గదా అని దీనికి పుత్తూరు కట్టు వేయించబాకు! విరిగింది ఎముక కాదు, పట్టు తప్పింది నరం. పుల్ల పెట్టి కడితే ఊపిరి ఆడదు. రోజుకు మూడు నాలుగుసార్లు, ఐదైదు నిమిషాలు, మెడ వెనక కండను రెండు వేళ్లతో రుద్ది, అరచేతి ఆసరాతో తలను నిలబెట్టు. బలవంతంగా తిప్పితే గింజుకుంటాది, గింజుకుంటే బిగుసుకుంటాది.

బి1 లోపమే అయితే గంటల్లోనో, రెండు మూడు రోజుల్లోనో తేడా తెలుస్తాది. నా ఊహ అదే. ఇ లోపమైతే వారాలు పడతాది, మొదట్లో ఇంకా తిరిగినట్టు కూడా కనబడొచ్చు. ముందు నిద్రలో మెడ తిన్నగా వస్తాది, తర్వాత మెలకువలో, భయపడితే మళ్లీ తిరుగుతాది. మెడ నిలబడినాక కూడా రెండు వారాలు మందులు ఆపబాకు, ఆ తర్వాత రోజు మార్చి రోజు చేసి తగ్గించు. ముడ్డి దగ్గర ఈకలకు రెట్ట అంటుకుంటే గోరువెచ్చని నీళ్లతో కడిగి ఆరబెట్టు, ఎండాకాలం ఈగ వాలిందంటే మర్నాటికి పురుగులు.

మూడు రోజుల్లో ఏ మార్పూ లేకున్నా, తూకం రోజూ పడిపోతాన్నా డాక్టరు దగ్గరికి తీసుకుపో. బి కాంప్లెక్స్ సూది అయితే నోటి మందుకన్నా త్వరగా అందుతాది. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య బండి సంగతి చెప్తారు. లేకుంటే గంట దూరం, తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకురా, 1955 నుంచి ఉండే కళాశాల అది. వచ్చేటప్పుడు ఆంప్రోలియం ప్యాకెట్, నువ్వు రాసిన తూకం కాగితం, ఆ పొద్దటి రెట్ట కొంచెం కవర్లో తీసుకురా. యాంటీబయాటిక్ రాస్తే ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో అడుగు.

మందలోకి ఒక్కసారిగా వదలబాకు. ఇప్పటి నుంచే పెట్టెను వలకు అవతల, మిగతావి కనిపించేచోట పెట్టు, పూర్తిగా కనుమరుగైతే తిరిగొచ్చినప్పుడు కొత్తకోడని పొడుస్తాయి. ముందు సాధువు పెట్టను ఒకదాన్ని తోడు వెయ్, రెండు రోజులు చూసి సాయంత్రం పూట కలుపు.

ఈ రోజు సాయంత్రం బరువు ఎంత ఉందో, మెడ ఏ పక్కకి తిరిగిందో రాయి. పాపను ఇంకో బొమ్మ గీయమను, బుధవారానికి తల ఎంత పైకొచ్చిందో దాంట్లో చూస్తా.

నీ
మిత్రుడు