మూడు ఆదివారాలే మిగిలాయి: మన పరామర్శ నిధి కోసం విజ్ఞప్తి

ప్రియమైన సహోదరీ సహోదరులకు, ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

సూటిగా విషయానికి వస్తాను. మన సంఘంలో వారం వారం ఒకరినొకరు కలిసి పరామర్శించుకునే చిన్న గుంపుల కోసం, ఏడాది మొదట్లో సంఘమంతా లేచి నిలబడి ఆమేన్ చెప్పి మొదలుపెట్టిన పరామర్శ నిధికి నెలాఖరే గడువు. ఇప్పటికి వచ్చింది అనుకున్న దాంట్లో మూడో వంతు. మిగిలినవి మూడు ఆదివారాలు. మొన్న కమిటీ కూడికలో ట్రెజరర్ గారు లెక్కల పుస్తకం మూసేసి, "ముందు ప్రార్థన చేద్దాం" అన్నారు. చేశాం. లేచాక ఈ ఉత్తరం రాసే పని నాకు అప్పగించారు.

మీరు చెయ్యి ముడుచుకునే వాళ్లు కాదు. ఆ సంగతి మాకంటే బాగా ఎవరికీ తెలియదు. మందిరం పైకప్పు కారినప్పుడు రెండు వారాల్లో డబ్బు సమకూరింది. స్త్రీల సమాజం వాళ్లు తమ పొదుపు మొత్తం తెచ్చి బల్ల మీద పెట్టారు. ఎవరెంత ఇచ్చారో చెప్పవద్దని ఒట్టు కూడా వేయించుకున్నారు. అయితే ఒక మాట, నొచ్చుకోకుండా వినండి. పైకప్పు కారితే అందరి తలా తడుస్తుంది, అందరికీ కనిపిస్తుంది. ఒక విశ్వాసి లోలోపల చల్లారిపోతే ఎవరికి కనిపిస్తుంది? ఆరాధనలో ఒక కుర్చీ ఖాళీ అవుతుంది. మరుసటి వారం ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు.

రెండు నెలల క్రితం సంఘ సభ్యుల రిజిస్టర్ ముందు పెట్టుకుని, ఆరు నెలలుగా కనిపించని వాళ్ల పేర్ల పక్కన పెన్సిల్‌తో గుర్తు పెడుతూ వెళ్లాను. నాలుగో పేజీకి వచ్చేసరికి ఇక చేయి ఆడలేదు. ఆ పేర్లలో నాతో పాటు ఒకే రోజు బాప్తిస్మం తీసుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లు ఎప్పుడు మానేశారో నాకు గుర్తు లేదు. ఎందుకు మానేశారో ఎన్నడూ అడగలేదు.

ఆ పేర్లలో ఒక పెద్దామె ఉన్నారు. పాస్టరమ్మ గారితో కలిసి ఆమె ఇంటికి వెళ్లాను. ఎనిమిది నెలలుగా మంచం మీదే ఉన్నారట. దిండు పక్కన బైబిల్, దాని మీద ఒక వైపు దారంతో కట్టిన కళ్లజోడు. బైబిల్లో గుర్తుగా పెట్టుకున్న కాగితం ఏమిటా అని చూస్తే, ఆమె ఆఖరిసారి మందిరానికి వచ్చినప్పుడు పంచిన ప్రార్థనాంశాల జాబితా. మడతల దగ్గర చిరిగిపోయింది. అందులోని పేర్ల కోసం రోజూ ఉదయం ప్రార్థన చేస్తున్నారు. "ఆ రెండో పేరు అబ్బాయి పరీక్ష ఎలా రాశాడమ్మా?" అని పాస్టరమ్మ గారిని అడిగారు. ఆ అబ్బాయి పరీక్ష పాసై ఉద్యోగంలో చేరి కూడా చాలా రోజులైంది. ఆమెకి చెప్పినవాళ్లు లేరు. ఆ జాబితాలో నా పేరు కూడా ఉంది. మన సంఘం ఆమెను మరిచిపోయినా, ఆమె మాత్రం మనల్ని మోస్తూనే ఉన్నారు. ఆ రోజు ఇంటికొచ్చాక నాకు అన్నం సహించలేదు.

ప్రకటన గ్రంథం 2, 3 అధ్యాయాల్లోని ఏడు సంఘాల సంగతి మీకు తెలుసు. ఈమధ్య అందులో రెండు సంఘాలు నన్ను వదలడం లేదు. ఎఫెసు వాళ్లు బోధలో గట్టివాళ్లు. అపొస్తలులమని చెప్పుకుంటూ వచ్చిన వాళ్లను పరీక్షించి అబద్ధికులని తేల్చారు. కష్టపడ్డారు, ఓర్చుకున్నారు. కానీ మొదటి ప్రేమను వదిలేశారు. తుయతైర వాళ్లది దీనికి తలకిందులు. వాళ్ల ప్రేమ, పరిచర్య మొదటికంటే పెరిగాయని ప్రభువే మెచ్చుకున్నాడు. కానీ తప్పుదారి పట్టించే బోధను తమ మధ్యే ఉండనిచ్చారు. ఒకరికి వాక్యం ఉంది, ప్రేమ ఆరింది. ఇంకొకరికి ప్రేమ ఉంది, కాపలా లేదు. ఎఫెసు పెద్దలను పౌలు మూడేళ్లు రాత్రింబవళ్లు కన్నీళ్లతో ఒక్కొక్కరిగా హెచ్చరించానని చెప్పుకున్నాడు (అపొస్తలుల కార్యములు 20:31). అంత పెంపకం ఉన్న సంఘానికే ఆ గతి పట్టిందంటే, ఆదివారం రెండు గంటల ఆరాధనతో మనం నిలబడిపోతామని ఎలా అనుకుంటాం? హెబ్రీ పత్రిక 3:13 ప్రతి దినం ఒకరినొకరు హెచ్చరించుకోమంటోంది. వారానికి ఒకసారి అనలేదు, ఆ పనిని పాస్టర్ గారి ఒక్కరి మీదే పెట్టనూ లేదు.

ఇక కమిటీలో నేను ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరని సంగతి ఒకటుంది. విన్నవాళ్లు మళ్లీ ఓపిక పట్టండి. 1742 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో, మెథడిస్టు ఉద్యమాన్ని నడిపించిన బోధకుడు జాన్ వెస్లీ సహవాసం వాళ్లు తమ మందిరం అప్పు ఎలా తీర్చాలా అని కూర్చున్నారు. ఒకాయన లేచి, అప్పు తీరేదాకా ప్రతి ఒక్కరూ వారానికి ఒక పెన్నీ (అక్కడి చిన్న నాణెం) ఇద్దాం అన్నాడు. చాలామంది పేదవాళ్లు, ఇవ్వలేరని ఇంకొకరు అడ్డు చెప్పారు. అప్పుడు ఆయన, అందరికంటే పేదవాళ్లను పదకొండు మందిని నాకు అప్పగించండి, వారం వారం వాళ్లను కలుస్తాను, ఇవ్వగలిగితే సరే, లేకపోతే వాళ్ల వంతు నేనే ఇస్తాను అన్నాడు. మిగతావాళ్లూ అలాగే తలా పదకొండు మందిని పంచుకున్నారు. పెన్నీల కోసం గడప ఎక్కినవాళ్లకు లోపలి సంగతులు తెలిశాయి. ఒకచోట తాగుడు, ఒకచోట భార్యాభర్తల గొడవ. విశ్వాసులు ఎక్కడ జారిపోతున్నారో అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ మనకు కావలసింది ఇదేనని వెస్లీ గ్రహించాడు. అప్పు కోసం మొదలైన ఆ చిన్న గుంపులే తర్వాత మెథడిస్టు సంఘాలకు వెన్నెముక అయ్యాయి.

మన పరామర్శ నిధి కూడా ఈ పద్ధతే. పన్నెండు మందికి ఒక నాయకుడు లేదా నాయకురాలు. వారానికి ఒకసారి కలవడం, ఒక వాక్యభాగం కలిసి చదవడం, ఎలా ఉన్నారని నిజంగా అడగడం. దానికి డబ్బెందుకని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నాయకులకు ఆరు నెలల శిక్షణ కావాలి. వాక్యాన్ని సరిగ్గా వివరించడం, ఎవరైనా కష్టం చెప్పుకుంటే నోరు మూసుకుని వినడం, విన్నది బయట పెట్టకపోవడం, ఇవి వాటంతట అవే రావు. నేర్పడానికి వచ్చేవాళ్ల ప్రయాణాలు, పాఠాల పుస్తకాలు, చూపు తగ్గినవాళ్లకు పెద్ద అక్షరాల బైబిళ్లు, మంచం పట్టినవాళ్ల దగ్గరికి ప్రభు బల్ల తీసుకెళ్లే ఏర్పాటు, వీటికే ఖర్చు. పూర్తి లెక్క నోటీసు బోర్డు మీద ఉంది, ఇక్కడ తిరిగి రాయను. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో పౌలు, కానుక విషయంలో ఎవరూ తమ మీద తప్పు మోపకుండా జాగ్రత్తపడుతున్నామని రాశాడు. మేమూ అంతే. పెట్టె తెరిచేటప్పుడు, లెక్కపెట్టేటప్పుడు ముగ్గురు ఉంటారు. చూడాలనుకున్నవాళ్లు రావచ్చు.

సండే స్కూల్ గదికి కుర్చీలు, మైకు సెట్టు మరమ్మతు, యువకుల లైబ్రరీ సంగతి కూడా రాయమని కమిటీలో మిగతావాళ్లు అడిగారు. అవీ అవసరమే. వాటికి విడిగా కవర్లు ఉన్నాయి, వాటి మీద పేర్లు రాసి ఉన్నాయి. నా మనసు మాత్రం ఆ రిజిస్టర్ నాలుగో పేజీ మీదే ఉంది, మన్నించండి.

పైకప్పుకు ఇచ్చినవాళ్లలో సగం మంది ఈ నిధికి ఇంకా ఏమీ ఇవ్వలేదు. ఇది నింద కాదు, మరిచిపోయి ఉంటారు. లేదా ఇది పాస్టర్ గారి పని, మనదేం ఉంది అనుకుని ఉంటారు. యెహెజ్కేలు 34వ అధ్యాయం ఒక్కసారి తీసి చదవండి. తప్పిపోయిన గొర్రెను వెదకలేదని, విరిగిన దానికి కట్టు కట్టలేదని దేవుడు కాపరులను ఎంత కఠినంగా అడిగాడో చూడండి. అది చదివాక నాకు టెన్షన్ పట్టుకుంది. మనకు పాస్టర్ గారు ఒక్కరే. ఆయనకున్నవి రెండు కాళ్లు, రోజుకు ఇరవై నాలుగు గంటలు. ఆయన వెళ్లలేని ఇళ్లకు ఎవరు వెళ్తారు?

ఇవ్వలేని పరిస్థితిలో ఉన్నవాళ్లు మనసు కష్టపెట్టుకోకండి. మాసిదోనియ సంఘాలు నిరుపేదతనంలో, శ్రమల్లో ఉండి కూడా ఇచ్చాయి. కానీ వాళ్లు మొదట తమను తామే ప్రభువుకు ఇచ్చుకున్నారని పౌలు రాశాడు. మీరు ఆ మొదటిది ఇవ్వండి. వారానికి ఒక సాయంత్రం ఇస్తానని మీ పేరు రాసి పెట్టెలో వేయండి. అప్పు చేసి మాత్రం ఎవరూ ఇవ్వవద్దు. ఎవరి ఒత్తిడి మీదా ఇవ్వవద్దు, నా ఉత్తరం ఒత్తిడితో కూడా వద్దు.

కవర్లు గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి. పేరు రాయకపోయినా పరవాలేదు, పైన "పరామర్శ" అని రాస్తే చాలు. ఆదివారాలు ఆరాధన అయ్యాక ట్రెజరర్ గారు, నేను అక్కడే ఉంటాం. మీ ఎరుకలో రావడం మానేసినవాళ్లు ఉంటే వాళ్ల పేర్లు కూడా ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ప్రార్థనాంశాల కొత్త జాబితా కూడా ఆ బల్ల మీదే పెట్టాం. ఆ పెద్దామెకు ఒకటి ఇచ్చి వచ్చాం. పాతది పారేయవద్దని, అందులోని పేర్ల కోసం కూడా ప్రార్థన చేస్తానని ఆమె అన్నారు.

ఇట్లు,
సంఘ కమిటీ తరఫున,
కార్యదర్శి