పచ్చగా మెరిసిన కణాలు, పోయిన నా పరువు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. నన్ను తిట్టుకుంటూ ఉంటావని తెలుసు. ఏం చెయ్యను, ఎలుక మెదడుతోనే సరిపోతోంది. మెదడంటే మొత్తం కాదులే. అడుగున వెన్నుపాములోకి దిగే కాండం ఉంటుంది కదా, అందులో ఆవగింజంత కూడా లేని చోటు. పేరు లోకస్ సెరూలియస్, అంటే లాటిన్‌లో నీలి చోటు. మనిషి మెదడు కోస్తే నీలంగా కనిపిస్తుందట గానీ, నా ఎలుకలో నీలం లేదు, గీలం లేదు. ఒక్కో పక్క సుమారు 1500 కణాలు, అంతే. మెదడు పైపొరకి అందే నోర్‌అడ్రినలిన్ (కణం నుంచి కణానికి కబురు మోసే రసాయనం) దాదాపు అంతా ఈ కాసిని కణాలదే!

పోయిన వారం 40 మైక్రాన్ల ముక్కలు కోశాను. సన్నటి పెయింట్ బ్రష్‌తో ఒక్కొక్కటీ ఎత్తి ప్లేటులో ఒక గుంటలోంచి ఇంకో గుంటలోకి మార్చాలి. చెయ్యి వణికిందా, తడి కాగితంలా మడతపడి బ్రష్‌కే అతుక్కుంటుంది. రెండ్రోజులు కష్టపడితే మైక్రోస్కోప్ కింద కణాలు పచ్చగా మెరిశాయి. ఎగురుకుంటూ వెళ్లి మా గైడ్ మేడమ్ ముందు మీటింగ్‌లో పెట్టాను, "ఇవే మేడమ్ నోర్‌అడ్రినలిన్ కణాలు" అని. ఆవిడ ఒకటే అడిగారు: "డోపమైన్‌వి కావని నీకెలా తెలుసు?"

నోట మాట రాలేదురా. కణంలో టైరోసిన్ అనే అమైనో ఆమ్లం మొదట ఎల్-డోపా అవుతుంది, అది డోపమైన్, ఆ డోపమైన్ నోర్‌అడ్రినలిన్. నేను వాడిన యాంటీబాడీ (ఏదో ఒక ప్రోటీన్‌ని వెతికి పట్టుకుని, అదున్న చోటు మెరిసేలా చేసే సరుకు) పట్టుకునేది మొదటి మెట్టులోని టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్‌ని. డోపమైన్ దగ్గరే ఆగిపోయే కణాల్లోనూ అది ఉంటుంది. కాస్త ముందుకెళితే డోర్సల్ రాఫే అనే చోట సెరొటోనిన్ (ఇంకో కబురు రసాయనం) కణాల మధ్య అలాంటివి ఉన్నాయి కూడా. అవీ ఇంతే పచ్చగా మెరుస్తాయి. చివరి మెట్టుది, డోపమైన్ బీటా హైడ్రాక్సిలేజ్ యాంటీబాడీ, ఫ్రిజ్‌లోనే ఉంది. తియ్యాలని తట్టలేదు.

1964లో స్వీడన్‌లో డాల్‌స్ట్రోమ్, ఫుక్సే అనే శాస్త్రవేత్తలు ఎలుక మెదడు ముక్కలకి ఫార్మాల్డిహైడ్ ఆవిరి పట్టించి చూశారు. సెరొటోనిన్ పసుపు, డోపమైన్, నోర్‌అడ్రినలిన్ రెండూ మాత్రం ఒకే ఆకుపచ్చ. ఏ1, ఏ2 అని గుంపులకి నంబర్లిచ్చారు. నా చోటు ఏ6. వాళ్లకి నా దగ్గరున్న యాంటీబాడీలు లేవు పాపం. నాకేం రోగం?

నిన్న ఆ రెండో యాంటీబాడీ వేసి చూస్తే అవే కణాలు మెరిశాయి. హమ్మయ్య అనుకునేలోపే, వీటిలో చాలావాటిలో గాలనిన్ అనే పెప్టైడ్ (ప్రోటీన్ లాంటిదే, చిన్నది) కూడా ఉంటుంది, అదీ చూడమన్నారు మేడమ్. మళ్లీ బ్రష్, మళ్లీ గుంటలు.

అన్నట్టు, మా అమ్మ ఊళ్లో అందరికీ "మావాడు మెదడు డాక్టరు" అని చెప్తోందట. ఎలుకల సంగతి నువ్వు నోరు జారకు. సంక్రాంతికి వస్తున్నా.

నీ
రాజు