మొదటి లోడు చెడితే నష్టమెవరిది?

సంపాదకులకు,

ప్రభుత్వ పరిశోధనాలయాలు పరిశోధనా పత్రాలు, పేటెంట్లు తప్ప దేశానికి ఇస్తున్నదేమీ లేదనీ, లైసెన్సు రుసుముల రూపంలో ఏటా ఎంత రాబట్టాయో చూసి వాటికి నిధులివ్వాలనీ వాదించే లేఖలు ఈ మధ్య పత్రికల్లో తరచుగా కనిపిస్తున్నాయి. చెన్నైలోనూ రాణిపేట, ఆంబూరు ప్రాంతాల్లోనూ తోళ్ల కర్మాగారాల్లో ఉద్యోగ జీవితం గడిపిన తెలుగువాడిగా నాకు ఆ వాదన సగమే సబబనిపిస్తుంది. పరిశోధనాలయం నుంచి కర్మాగారానికి వెళ్లే దారిలో ఎన్నో మంచి పద్ధతులు ఆగిపోతున్న మాట వాస్తవమే. అవి ఎక్కడ ఆగుతున్నాయో మాత్రం విమర్శకులు సరిగా గమనించడం లేదు.

రుసుముల లెక్క ఎంత అక్కరకు రానిదో చెప్పడానికి ఓటేసినప్పుడు వేలికి పూసే సిరా చాలు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల దాని సూత్రాన్ని రూపొందించగా, కర్ణాటక ప్రభుత్వ సంస్థ అయిన మైసూర్ పెయింట్స్ అండ్ వార్నిష్ 1962 ఎన్నికల నుంచి దాన్ని తయారుచేస్తోంది. దొంగ ఓట్లను అడ్డుకున్న ఆ సిరా విలువను ప్రయోగశాల ఖాతాలో జమ అయిన రాయల్టీని బట్టి ఎలా కడతాం? హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో ఏ.వి. రామారావు గారి బృందం ఎయిడ్స్ మందు జిడోవుడిన్ తయారీ విధానాన్ని సిద్ధం చేసి మందుల కంపెనీ సిప్లాకు అందించినప్పుడూ అంతే. దాని వల్ల ఆదా అయిన డబ్బు రోగుల జేబుల్లో మిగిలింది, సంస్థ పద్దుల్లో అది కనపడదు.

మా రంగం సంగతికి వస్తాను. అందరూ సీఎల్‌ఆర్‌ఐ అని పిలుచుకునే కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థ 1948లో అడయార్‌లో ఏర్పడింది. గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు 1958 నుంచి 1971 దాకా దానికి డైరెక్టరుగా ఉన్నారు. ఆ కాలంలో మన దేశం నుంచి ఎక్కువగా పచ్చి తోళ్లూ, తంగేడు చెక్క, కరక్కాయ వంటి వాటితో సగం పదును చేసిన తోళ్లూ ఓడలెక్కేవి. వాటిని మేలురకం తోలుగా, బూట్లుగా మార్చి అమ్ముకునే లాభం పరాయి దేశాలది. 1970ల మొదట్లో ప్రభుత్వం సగం పదును చేసిన తోళ్ల ఎగుమతిపై ఆంక్షలు పెట్టి, పూర్తిగా తయారైన తోలు వైపు పరిశ్రమను మళ్లించగలిగిందంటే, అందుకు కావలసిన పద్ధతులనూ మనుషులనూ ఈ సంస్థ ముందే సిద్ధం చేసి ఉంచడం ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం. కాన్పూరు, జలంధర్, కోల్‌కతా వంటి తోళ్ల కేంద్రాల్లో దానికి ప్రాంతీయ శాఖలున్నాయి. నేను పనిచేసిన ప్రతి టానరీలోనూ (తోళ్ల కర్మాగారంలోనూ) అన్నా విశ్వవిద్యాలయంలో తోలు సాంకేతికత చదివి, పక్కనే ఉన్న సీఎల్‌ఆర్‌ఐలో శిక్షణ పొందినవారు ఒకరిద్దరైనా ఉండేవారు. పేటెంట్ల పట్టికలో చోటు లేని సాంకేతికత బదిలీ ఇది. చేతి పనిగా, అలవాటుగా మారి మనిషితో పాటే నడిచి వెళ్తుంది.

టానరీల వల్ల పాలారు నదికి కలిగిన కాలుష్యంపై 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వెలువడినప్పుడు తమిళనాడులో వందల టానరీలు మూతపడే పరిస్థితి వచ్చింది. ఉమ్మడి శుద్ధి ప్లాంట్ల రూపకల్పనలోనూ, తోళ్లను పదును చేయడానికి వాడిన క్రోమియం లవణం, అంటే క్రోమ్‌ను తిరిగి రాబట్టే ఏర్పాట్లలోనూ ఆ రోజుల్లో శాస్త్రవేత్తల సాయం లేకపోతే చాలా షెడ్ల తాళాలు మళ్లీ తెరుచుకునేవి కావు. దానితో కాలుష్యం తొలగిపోయిందని నేననను. పాలారు ఒడ్డున బావి ఉన్న రైతును అడిగితే ఆయన లెక్క వేరుగా ఉంటుంది. నేను చెప్పదలచుకున్నది, కోర్టు గడువు తరుముకొచ్చిన ఆ కాలంలో ప్రయోగశాలకూ కర్మాగారానికీ మధ్య దూరం తగ్గిందన్న సంగతి.

మామూలు రోజుల్లో ఆ దూరం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో వివరిస్తాను. సీఎల్‌ఆర్‌ఐ క్రోమ్ టానింగ్‌లో, అంటే క్రోమ్‌తో తోలును పదును చేయడంలో, నీరు వాడని పద్ధతిని రూపొందించింది. వాడుకలో ఉన్న పద్ధతిలో క్రోమ్ వేసే ముందు తోళ్లను ఉప్పూ ఆమ్లమూ కలిపిన నీటిలో పికిలింగ్ చేస్తాం. మెడ దగ్గర మందంగా ఉండే చోట తోలును కోసి, ఆ కోతపై, ఆమ్లం లోపలిదాకా చేరిందో లేదో రంగుతో చూపే బ్రోమోక్రెసాల్ గ్రీన్ చుక్కలు వేస్తే మందమంతా పసుపు రంగు తిరగాలి; తిరిగితేనే మేస్త్రీ క్రోమ్ వేయనిస్తాడు. కొత్త పద్ధతిలో ఈ పికిలింగ్ దశే లేదు. ఆ మేరకు ఉప్పు తగ్గుతుంది, వ్యర్థజలంలో కరిగిన లవణాలు తగ్గుతాయి, పాత పద్ధతిలో దాదాపు మూడో వంతు కాలువపాలయ్యే క్రోమ్ చాలావరకు తోలులోకే వెళ్తుంది. కాగితం మీద వంక పెట్టడానికి ఏమీ లేదు.

కానీ ఏళ్ల తరబడి ఆ పసుపు రంగునే నమ్ముకున్న మేస్త్రీకి ఇప్పుడు మధ్యలో చూసుకోవడానికి అలవాటైన గుర్తు ఉండదు. పైగా ప్రయోగశాలలో పద్ధతిని కొద్దిపాటి తోళ్లు పట్టే, గుండ్రంగా తిరిగే చిన్న డ్రమ్ములో పరీక్షిస్తారు. టానరీలో ఒకసారికి డ్రమ్ములో వేసే తోళ్లు, అంటే ఒక లోడు, టన్నో రెండు టన్నులో ఉంటుంది. పెద్ద డ్రమ్ములో తోళ్ల రాపిడికే వేడి పుడుతుంది, మడతపడి అడుగున చిక్కుకున్న తోలుకు మందు ఆలస్యంగా అందుతుంది. చివరికి మిగిలేది మరుగు పరీక్ష. తోలు ముక్క అంచును కాగితంపై గీసుకుని, ముక్కను మరిగే నీటిలో ఒకటి రెండు నిమిషాలుంచి, తీసి మళ్లీ ఆ గీతపై పెట్టి చూస్తారు. ముడుచుకుపోయిందంటే క్రోమ్ పూర్తిగా పట్టలేదని అర్థం. లోడును సరిదిద్దుకోవచ్చు గానీ తోలు గ్రేడు పడిపోతుంది, ఓడకు ఎక్కించాల్సిన గడువు దాటిపోతుంది. పెద్ద కంపెనీ ఇలాంటి దెబ్బను ఓర్చుకుంటుంది. అప్పు తెచ్చి తోళ్లు కొన్న చిన్న టానరీ యజమాని తట్టుకోలేడు. అందుకే శిక్షణ తరగతికి వచ్చి, అంతా విని, బాగుందని తలూపి, ఊరికెళ్లి పాత పద్ధతిలోనే డ్రమ్ము తిప్పుకుంటాడు. ఆయనను ఛాందసుడనడం అన్యాయం.

మన విధాన రూపకర్తల దృష్టి ఈ డ్రమ్ము దాకా రావడం లేదు. అమెరికా 1980లో చేసిన బే-డోల్ చట్టం తరహాలో, ప్రభుత్వ నిధులతో పుట్టిన పేటెంట్లపై హక్కులను ఆయా సంస్థలకే కట్టబెట్టే బిల్లును మన ప్రభుత్వం 2008లో రాజ్యసభలో ప్రవేశపెట్టి, ఆ తర్వాత ఉపసంహరించుకుంది. దాన్ని తలచుకుని ఇప్పటికీ నిట్టూర్చేవారున్నారు. పేటెంటు ఎవరి పేరున ఉందన్న చిక్కు మా టానరీల్లో ఏనాడూ అడ్డు రాలేదు కనుక నాకా బాధ లేదు. 2025 జులైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన లక్ష కోట్ల రూపాయల పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణల పథకం పెద్ద అడుగే. అయితే ఆ డబ్బు నిధి నిర్వాహక సంస్థల ద్వారా, తక్కువ వడ్డీకో వడ్డీ లేకుండానో ప్రైవేటు కంపెనీలకు చేరేలా ఏర్పాటైంది. రాణిపేటలో మూడు డ్రమ్ములున్న యజమాని ఆ గడప ఎక్కి ప్రాజెక్టు నివేదిక ఇవ్వగలడని నేననుకోను.

సీఎల్‌ఆర్‌ఐకి కూతవేటు దూరంలో ఉన్న ఐఐటీ మద్రాసు పరిసరాల్లో పరిస్థితి మెరుగ్గా ఉండటానికి కారణం, తొలి నష్టాన్ని మోయడానికి తోడు దొరకడమే. ఏథర్ విద్యుత్ స్కూటరు అక్కడే పురుడు పోసుకుంది. అగ్నికుల్ సంస్థ త్రీడీ ముద్రణతో ఒకే ముక్కగా చేసిన ఇంజనును అమర్చిన రాకెట్టును 2024 మే 30న శ్రీహరికోటలో తన సొంత ప్రయోగ వేదిక నుంచి ఎగరేసింది. ఆచార్యుడు, ప్రయోగశాల, పరీక్షా పరికరాలు నడిచి వెళ్లే దూరంలో ఉండటం వల్ల అక్కడ తొలి వైఫల్యాల ఖర్చును కంపెనీ ఒక్కటే మోయనక్కర లేకపోయింది. అందంగా కనిపించే రంగాలకు దొరికిన ఈ వసతి ఉప్పు, సున్నం వాసన కొట్టే మా రంగానికీ దొరకాలి.

కాబట్టి పరిశోధనాలయాల నిధుల్లో కొంత భాగాన్ని కొత్త పద్ధతిని తొలిసారి అమలుచేసే చిన్న కర్మాగారాల మొదటి కొన్ని లోడ్లకు హామీగా కేటాయించాలని కోరుతున్నాను. లోడు చెడితే నష్టంలో సగమైనా ఆ హామీ నుంచి చెల్లించాలి. ఆ రోజుల్లో పద్ధతి రూపొందించిన శాస్త్రవేత్త గానీ ఆయన సాంకేతిక సహాయకుడు గానీ మేస్త్రీ పక్కన డ్రమ్ము దగ్గరే ఉండాలి, అలా గడిపిన కాలాన్ని పదోన్నతిలో పరిశోధనా పత్రంతో సమానంగా లెక్కించాలి. ఇక రుసుముల లెక్క అడిగేవారికి నా విన్నపం ఒక్కటే. వార్షిక నివేదికల్లో ఎన్ని లైసెన్సులిచ్చారన్న అంకెతో తృప్తి పడకుండా, మూడేళ్ల క్రితం లైసెన్సు తీసుకున్న కర్మాగారాల్లో ఎన్నింట్లో ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోందో, ఆగినచోట ఎందుకు ఆగిందో ప్రకటించమని అడగండి.

ఇట్లు,
ఒక విశ్రాంత తోలు సాంకేతిక నిపుణుడు,
క్రోంపేట, చెన్నై