పాత బట్టల వరుసకు నీడ కల్పించండి

సంపాదకులకు నమస్కారం.

దసరా దాటి పత్తి ఏరే పనులు ఊపందుకున్నాయంటే, మా పట్టణంలో శుక్రవారం జరిగే అంగడిలో పాత బట్టల కుప్పల చుట్టూ కూలికి వెళ్లే మహిళలు గుమిగూడతారు. వాళ్లు వెతికేది చీర మీద తొడుక్కోవడానికి మగవాళ్ల పొడుగు చేతుల చొక్కాల కోసం. ఎండిన పత్తికాయల మొనలు మోచేతుల దాకా గీరుకుపోతాయి కనుక, కొడవలి ఎలాగో ఆ చొక్కా కూడా వాళ్లకు అలాంటి పనిముట్టే.

మొన్నటి అంగడిలో నా పక్కనున్న ఒక పెద్దామె నీలం చొక్కాను ఎండకేసి ఎత్తిపట్టి, మోచేతుల దగ్గర, చంకల దగ్గర బట్ట పలచబడిందేమోనని వేళ్లతో సాగదీసి, గుండీలు లెక్కపెట్టుకొని, చివరకు ముక్కిన వాసన వస్తోందని పక్కన పెట్టేసింది. అంత ఓపిక లేకనే నిరుడు మా అబ్బాయికి నేను కొన్న ప్యాంటు రెండోనాడే వెనక చిరిగింది. అరిగిన బట్టకు కుట్టు ఆగదని దర్జీ చెబితే తెలిసింది.

ఆ ముక్కిన వాసనకు కారణం అమ్మేవాళ్లు కాదు. కూరగాయలకు గద్దెలున్నాయి గానీ, పాత బట్టలు అమ్మేవాళ్లు తైబజారు (అంగడిలో కూర్చున్నందుకు వసూలు చేసే రుసుము) కట్టి కూడా నేల మీద టార్పాలిన్ పరుచుకొని ఎండకూ వానకూ కూర్చుంటున్నారు.

పాత బట్టలు, చెప్పులు, పుస్తకాలు సేకరించి అవసరమున్నవాళ్లకు చేర్చేందుకు పట్టణాల్లో ఆర్‌ఆర్‌ఆర్ (రెడ్యూస్, రీయూజ్, రీసైకిల్ – వాడకం తగ్గించడం, మళ్లీ వాడటం, రీసైకిల్ చేయడం) కేంద్రాలు తెరవాలని కేంద్ర ప్రభుత్వం 2023 మే నెలలో పిలుపునిచ్చింది. ఆలోచన ఎంతో మంచిది. అయితే ఉతకకుండా, ఏరకుండా పోగేసిన బట్టలను ఉచితమన్నా నలుగురి ముందూ తీసుకోవడానికి మనిషికి మనసొప్పదు. అదే మనిషి పది రూపాయలు తగ్గించమని బేరమాడి, నచ్చింది ఏరుకొని, డబ్బిచ్చి తలెత్తుకొని వెళ్తుంది. అందుకే ఇలా వచ్చే బట్టలను ఉతికి, గుండీలు కుట్టి, కొలతల ప్రకారం వేరుచేసి తక్కువ ధరకు అమ్మే పనిని పట్టణ మహిళా సంఘాలకు అప్పగించాలని నా సూచన. మన రాష్ట్రంలో బడిపిల్లల యూనిఫాంలు కుడుతున్న సంఘాలకు ఈ పని కొత్తేమీ కాదు. ఆ డబ్బు కూడా వాళ్లకే చెందాలి.

ఒకరు కట్టి విడిచిన బట్ట మనకెందుకని ముఖం చిట్లించేవాళ్లకు ఒక మాట గుర్తుచేస్తాను. పుట్టిన బిడ్డకు 21 రోజులు నిండేదాకా కొత్త బట్ట తొడగకుండా, అమ్మమ్మ కట్టి కట్టి మెత్తబడిన నూలు చీర ముక్కలోనే చుట్టే ఆచారం మన చాలా ఇళ్లలో ఉంది. ఆ బిడ్డ కింద పరిచే బొంత కూడా పాత చీరలతో కుట్టిందే. వీధిలో స్టీలు గిన్నెలిచ్చి మనం విడిచిన బట్టలు తీసుకెళ్లేవాళ్ల దగ్గర నుంచి చేతులు మారి అంగడికి వచ్చే చొక్కాల్లో మన ఇళ్లవీ ఉంటాయి. కాబట్టి చింపిరిని మసిగుడ్డకు ఉంచుకొని, కట్టుకోదగిన వాటిని ఉతికి, ఆరబెట్టి ఇవ్వడం మన బాధ్యత.

పత్తి ఏరడం సంక్రాంతి దాకా సాగుతుంది. ఈలోపే పాత బట్టల వరుసకు నాలుగు రేకుల నీడ, నేలకు జానెడు ఎత్తున గద్దె ఏర్పాటు చేసి, ఈ చిరువ్యాపారులకు తైబజారు మినహాయించాలని అధికారులను, పాలకవర్గాన్ని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక ప్రభుత్వ ఉపాధ్యాయురాలు, నల్లగొండ జిల్లా