రైఫిల్ జాకెట్లు ఇక హ్యాంగర్‌కు తగిలించి అమ్మం

నమస్కారమండీ. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మా షాపుకు వచ్చే షూటింగ్ పిల్లల అమ్మానాన్నలకు, కోచ్‌లకు ఈ కబురు. ఈ సీజన్ నుంచి రైఫిల్ జాకెట్లను చిన్న, మధ్య, పెద్ద అని మూడు సైజుల్లో తెప్పించి అమ్మడం మానేస్తున్నాం. కావలసినవాళ్లకు ఒంటి కొలతలు తీసుకుని ఆర్డరు పెడతాం. లేదంటే వాడిన జాకెట్‌ను సరిచేసి ఇస్తాం. వచ్చిన బేరాన్ని వెనక్కి పంపడమేటని మా తమ్ముడు రోజూ గొణుగుతున్నాడు. వాడికి చెప్పిందే మీకూ చెప్తాను.

"మావోడు పెరిగే గుంటడు, రెండు సైజులు పెద్దదిచ్చీండి" అని ప్రతి నాన్నా అడుగుతారు. బడి యూనిఫారమైతే నేనూ ఆ సలహాయే ఇస్తాను. రైఫిల్ జాకెట్ సంగతి వేరు. పది మీటర్ల దూరం నుంచి కాల్చే ఎయిర్ రైఫిల్ 5.5 కిలోల దాకా బరువు ఉండొచ్చు. దాన్ని ఎత్తి పట్టి, నడుము దగ్గర వెనక్కి ఒరిగి, ఎడమ మోచేతిని పక్కటెముకల మీదో తుంటి మీదో ఆన్చి, 75 నిమిషాల్లో 60 గుళ్లు కాల్చాలి. గురిలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. ఆ ఒరిగిన నడుముకు ఆసరా ఇవ్వడం, గుండె కొట్టుకునే అదురు రైఫిల్ దాకా పోకుండా తగ్గించడం, ఈ రెండూ జాకెట్ పనులు. వదులుగా ఉంటే మోచేతి అతుకు మోచేతి కిందకి జారిపోతుంది, బట్ (రైఫిల్ వెనక కొస) ఆనే భుజం దగ్గర బట్ట మడత పడుతుంది. మడత ఒక్కో గుండుకు ఒక్కోలా పడితే బట్ కూడా ఒక్కోలా కూర్చుంటుంది. పిల్లాడు ట్రిగ్గర్ తప్పు నొక్కాడని కోచ్ అరుస్తాడు, తప్పేమో జాకెట్‌ది.

బిగుతుగా కొంటే ఇంకో తంటా. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐ.ఎస్.ఎస్.ఎఫ్. నిబంధనల ప్రకారం జాకెట్ ఒంటి మీద వదులుగా వేలాడాలి. గుండీ పెట్టుకునే చోటు దాటి ఇంకో 70 మిల్లీమీటర్లు లాగి కప్పగలగాలి. దీన్ని చూడ్డానికి, పోటీలో సామాను తనిఖీ చేసే పరీక్ష బల్ల దగ్గర, అంచులు లాగి కొలిచే గేజి ఒకటి ఉంటుంది. గుండీలు పెట్టాక ఒక అంచు మీద ఇంకో అంచు 100 మిల్లీమీటర్లకు మించి కప్పకూడదు. ఏప్రిల్‌లో సరిగ్గా సరిపోయిన జాకెట్, సెలవుల్లో అమ్మమ్మగారింట్లో పనసకాయలు, మామిడిపళ్లు తిని వచ్చిన పిల్లకు జూన్‌లో ఆ 70 చూపించదు. అప్పుడు మా దగ్గరికి తెండి. గుండీలు జరపడం మా పనే. దానికి కొత్త జాకెట్ కొనక్కర్లేదు.

పారిస్‌లో 2024లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్‌లో (మోకాలి మీద, పడుకుని, నిలబడి కాల్చే పోటీ) కాంస్యం తెచ్చాక ఈ సామాను అడిగేవాళ్లు పెరిగారు. సంతోషమే. అదే ఒలింపిక్స్‌లో మను భాకర్ తెచ్చిన రెండు పతకాలు పిస్టల్‌వి. పిస్టల్ పిల్లలకు ఈ జాకెట్, ప్యాంటు ఏవీ అక్కర్లేదు, చీలమండ ఎముకను కప్పని మామూలు బూటు చాలు. అయినా పిస్టల్ నేర్చుకునే పిల్లకు జాకెట్ అడిగేవాళ్లు వస్తూనే ఉంటారు. నేనమ్మను.

ఇంకో కోరిక, "ఇంకా గట్టిది లేదా?" అని. జాకెట్ బట్ట ఒక పొర 2.5 మిల్లీమీటర్లు దాటకూడదు, మడిచి రెండు పొరలు చేసి కొలిస్తే 5 దాటకూడదు. ప్యాంటుకూ ఇదే లెక్క. గట్టిదనం చూసే పద్ధతి వేరే ఉంది. 60 మిల్లీమీటర్ల వెడల్పు గుండ్రటి ఖాళీ మీద బట్టను పరిచి పైన కిలో బరువు పెడితే, కనీసం 3 మిల్లీమీటర్లు కుంగాలి. కుంగకపోతే ఆ జాకెట్‌తో దిగనివ్వరు. లోపల గమ్ పూయడం, అట్ట పొర వేసి కుట్టడం లాంటివి ఎంత డబ్బిస్తామన్నా మేం చేయం. ఇలా చేసి పెట్టేవాళ్లు వేరేచోట ఉన్నారని నాకూ తెలుసు. అక్కడ చేయించుకున్నది పరీక్ష బల్ల దగ్గర పట్టుబడితే, మళ్లీ మామూలుగా చేయమని నా దగ్గరికి తేకండి. గమ్ వదిలించడం నా వల్ల కాదు.

బూట్ల దగ్గరికి వద్దాం, జనం తక్కువ పట్టించుకునేది వీటినే. నేర్చుకునే మొదటి ఏడాది పిల్లాడికి షూటింగ్ బూట్లు వద్దు. మెత్తటి మడమ ఎత్తుగా ఉండే రన్నింగ్ షూ మాత్రం తొడగకండి. నుంచుంటే ఆ స్పాంజ్ మీద ఒళ్లు ఊగుతూనే ఉంటుంది. బడి పీటీకి వేసుకునే చదును కాన్వాస్ బూటు దానికంటే చాలా నయం, ఖర్చూ తక్కువ. నిలకడ కుదిరి, పాదం ఎదుగుదల నెమ్మదించాక అసలు బూట్లు చూద్దాం.

అసలు బూటుకు లెక్కలు ఇవీ: పై తోలు మందం 4 మిల్లీమీటర్లు, వేళ్ల దగ్గర సోల్ 10 మిల్లీమీటర్లు దాటకూడదు. సోల్ బూటు ఆకారం వెంటే పోవాలి, చుట్టూ ఎక్కడా 5 మిల్లీమీటర్లకు మించి బయటికి రాకూడదు. రెండు కాళ్లకూ ఒకే జత. అన్నిటికంటే ముఖ్యం, సోల్ వంగాలి. యంత్రంలో బిగించి 15 న్యూటన్ మీటర్ల బలంతో చూసినప్పుడు కనీసం 22.5 డిగ్రీలు వంగాలి. ఒకప్పుడు రైఫిల్‌వాళ్లు చెక్కలాంటి సోళ్లతో రేంజిలో బాతు నడక నడిచేవారు. ఇప్పుడు మడమ ముందు, వేళ్లు తర్వాత ఆనేలా మామూలుగా నడవాలని నిబంధన ఉంది. మొదటిసారి హెచ్చరిస్తారు, తర్వాత పాయింట్లు కోస్తారు. అందుకే మా షాపులో బూటు తొడిగి ఆ చివర నుంచి ఈ చివరకి నడిపించి చూస్తాం. త్రీ పొజిషన్‌వాళ్లకు మోకాలి మీద కూర్చునే పొజిషన్ కూడా ఉంటుంది కాబట్టి, పాదం కింద రోల్ (గుండ్రటి మెత్త) పెట్టి కూర్చోబెట్టి, వేళ్లు వంగే చోట తోలు నొక్కుతోందా అన్నది కూడా చూస్తాం. సాయంత్రం రండి, పొద్దున్నకంటే పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పోటీలో వేసుకునే మేజోళ్లే తెచ్చుకోండి.

బెల్టు అడిగేవాళ్లకు ఒక మాట. 40 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం దాటినవి మా దగ్గర పెట్టం. కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల కోసం తెచ్చిన వెడల్పు బెల్టులు అలమరలో చూసి అవే కావాలని పట్టుబట్టకండి.

మన వైపు గాలిలో చెమ్మ ఎక్కువ. జూలై నుంచి నవంబరు దాకా తోలుకు బూజు పడుతుంది, కాన్వాస్ మెత్తబడుతుంది. జాకెట్‌ను సంచిలో కుక్కి అటక మీద పడేయకండి. వెడల్పాటి హ్యాంగర్‌కు వేసి ఫ్యాను గాలికి ఆరనివ్వండి. ఎండలో వేస్తే తోలు పగులుతుంది, ఇస్త్రీ అసలే వద్దు. లోపల పల్చటి నూలు బనియను వేసుకుంటే చెమట అది పీల్చుకుంటుంది. ఏసీ రేంజిలో చల్లబడితే బట్ట ఇంకాస్త గట్టిపడుతుంది, జాకెట్ పరీక్ష ముందు ఆ సంగతి గుర్తుంచుకోండి.

వాడిన జాకెట్ల అర ఒకటి కొత్తగా పెడుతున్నాం. మీ పిల్లలకు చిన్నదైపోయింది తెచ్చి ఇవ్వండి, అమ్ముడైతే నా వాటా పదో వంతు. కొత్తది అమ్మితే నాకు ఇంకాస్త మిగిలేది, నిజమే. కానీ ఎదిగే పిల్లలకు రెండేళ్లకోసారి కొత్తది కొనమని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

శ్రీకాకుళం, బొబ్బిలి, పార్వతీపురం వాళ్లకు బూట్లు, గ్లవ్‌లు ఆర్టీసీ కార్గోలో పంపుతాం. జాకెట్ కొలతలు మాత్రం ఫోనులో తీసుకోం, ఒకసారి రావాల్సిందే. వచ్చేటప్పుడు వీలైతే కోచ్‌ను వెంటబెట్టుకుని రండి, అప్పటికి అమల్లో ఉన్న నిబంధనలు ఆయన ఎదుటే సరిచూసుకుని ఆర్డరు పెడదాం. అడ్వాన్సు సగం. పైడితల్లమ్మ సిరిమాను వారం షాపు తెరవం. దసరా సెలవుల్లో కొలతలకు వద్దామనుకునేవాళ్లు పండక్కి ముందే ఫోను చేసి రండి.