తాళం వేసే ముందు ఒక్కసారి లోపలికి వెళ్లి చూడండి

గౌరవనీయులైన పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మూతపడిన ఫ్యాక్టరీలు వదిలేసి వెళ్లిన గోదాముల గురించి మీకు రాస్తున్నాను. అలాంటి ఒక గోదాములోకి నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి పంతొమ్మిదేళ్ల వయసులో, ఇద్దరు స్నేహితులతో కలిసి గోడ దూకి. రెండోసారి చాలా ఏళ్ల తర్వాత, యజమాని అనుమతితో. అప్పుడు నా వెంట కట్టడాల పటిష్ఠతను పరీక్షించే ఒక ఇంజినీరు, ఒకప్పుడు అక్కడే పనిచేసిన ఒక పెద్దాయన ఉన్నారు.

మొదటిసారి మా దగ్గర ఉన్నదల్లా ఒక టార్చిలైటు. వెనక గోడకు పడిన కన్నంలోంచి దూరాం. రేకుల చిల్లుల్లోంచి వెలుగు సన్నని కడ్డీల్లా దిగుతోంది. ఎక్కడో పైన పావురాల రెక్కల చప్పుడు. అంత పెద్ద చోటు, మనిషన్నవాడు లేని చోటు, అప్పటివరకూ చూసి ఎరుగను. దుమ్ము ఎంత మందంగా పేరుకుందంటే మా అడుగులు మాకే వినబడలేదు. ముందు నడుస్తున్నవాడు నేల మీద పరచి ఉన్న ప్లైవుడ్ ముక్క మీద కాలు పెట్టబోయి, ఎందుకో ఆగి, బూటు మొనతో దాని అంచును తట్టాడు. చెక్క విరిగి లోపలికి పోయింది. కాసేపటికి గానీ నీళ్లలో పడిన చప్పుడు రాలేదు. అది సరుకుల లిఫ్టు గొయ్యి. లిఫ్టును ఎవరో ఎప్పుడో విప్పుకుపోయారు, గొయ్యి మాత్రం మిగిలింది. ఆ సంగతి మేం ముగ్గురం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

అనుమతి లేకుండా వెళ్లడం తప్పే. కానీ మాలాంటి వాళ్లు ఇప్పటికీ వెళ్తూనే ఉన్నారు. ఫొటోల కోసం వెళ్లేవాళ్లున్నారు, ఇనుప ముక్కలు ఏరుకుని అమ్ముకోవడానికి వెళ్లేవాళ్లున్నారు, తల దాచుకోవడానికి వేరే చోటు లేక వెళ్లేవాళ్లున్నారు. గేటుకు తాళం ఉంది కాబట్టి లోపల ఎవరూ ఉండరని కాగితం మీద అనుకోవచ్చు. ఆ కన్నంలోంచి దూరిన నేను అలా అనుకోలేను.

రెండోసారి షట్టరు ఎత్తించి ముందునుంచే వెళ్లాం. గొయ్యి ఇంకా పది అడుగుల దూరంలో ఉండగానే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి, “ఆగండి బాబూ, ముందు లిఫ్టు ఉంటుంది” అన్నారు. ఉంటుంది అన్నారు, ఉండేది అనలేదు. ఆయన అక్కడ పని మానేసి ఏళ్లు గడిచాయి. చీకట్లో కళ్లకు ఏమీ కనిపించకపోయినా కాళ్లకు తెలుసు. ఏ దూలం కింద వాన కారుతుందో, ఏ మెట్టు వదులో, రసాయనాల పీపాలు ఏ మూల పెట్టేవారో నడుస్తూ చెప్పుకుంటూ పోయారు. ఇంజినీరు వెంటవెంటనే రాసుకున్నారు. ఆ రోజుకు ముందు ఆ వివరాల్లో ఒక్కటి కూడా ఏ ఆఫీసులోనూ లేదు.

ఇంజినీరు చూపు ఎక్కువగా పైకప్పు మీదే ఉంది. శ్లాబు అడుగున పెచ్చులు ఊడిపోయి ఇనుప చువ్వలు బయటపడ్డాయి. ఇనుము తుప్పు పడితే ఆ తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుందని, ఆ ఒత్తిడికే కాంక్రీటు లోపలినుంచి పగులుతుందని ఆయన వివరించారు. కింద నిలబడి చూసేవాడికి అదొక మరక మాత్రమే. మూత బిగించిన ఉక్కు ట్యాంకు ఖాళీగా ఉన్నా ప్రమాదమేనట. లోపలి గోడలు తుప్పు పడుతూ గాలిలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటాయి. వాసన రాదు, పొగ ఉండదు. తొంగిచూడటానికి దిగినవాడు అక్కడే కుప్పకూలతాడు. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుందని చాలామందికి తెలుసు. పగలగొట్టినప్పుడు, కోసినప్పుడు లేచే ఆ నూగు ఊపిరితిత్తుల్లో చేరి ఇరవై, ముప్ఫై ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా బయటపడవచ్చన్నది అంతమందికి తెలియదు.

మంత్రి గారూ, లోపల ఏముందో తెలిసినవాడు లేకపోతే ఏమవుతుందో చెప్పే రెండు ఘటనలు మీ దృష్టికి తెస్తాను.

అమెరికాలోని వూస్టర్ నగరంలో 1906లో కట్టిన ఒక శీతల గిడ్డంగి ఉండేది. పదేళ్లకు పైగా వాడకుండా వదిలేశారు. 1999 డిసెంబర్ 3న, అందులో తలదాచుకుంటున్న ఇద్దరి దగ్గరున్న కొవ్వొత్తి ఒరిగి నిప్పంటుకుంది. వాళ్లు ఎవరికీ చెప్పకుండా బయటికి వెళ్లిపోయారు. లోపల మనుషులున్నారేమోనని అగ్నిమాపక సిబ్బంది వెతకడానికి వెళ్లారు. దాదాపు కిటికీలే లేని కట్టడం, గోడల నిండా మండే పదార్థాలు, లోపల ఏ గది ఎటు తిరుగుతుందో తెలియదు. ముందు ఇద్దరు పొగలో దారి తప్పారు. వాళ్లను వెతుకుతూ వెళ్లిన నలుగురు కూడా తిరిగి రాలేదు. ఆరుగురూ చనిపోయారు. ఎవరి కోసం వెళ్లారో వాళ్లు అప్పటికే అక్కడ లేరు. ఈ ఘటన చదివినప్పుడల్లా మా పెద్దాయన అడ్డం పెట్టిన చెయ్యి గుర్తొస్తుంది. ఆ రాత్రి అక్కడ అలాంటి చెయ్యి ఒక్కటి ఉండి ఉంటే!

రెండోది బ్రెజిల్‌లోని గొయానియాలో జరిగింది. అది గోదాము కాదు, ఖాళీ చేసిన వైద్య కేంద్రం. 1985లో దాన్ని నడిపేవాళ్లు వేరే చోటికి మారుతూ సీజియం 137 అనే రేడియోధార్మిక పదార్థం ఉన్న రేడియేషన్ యంత్రాన్ని అక్కడే వదిలేశారు. 1987 సెప్టెంబర్‌లో ఇద్దరు దాన్ని పాత ఇనుముగా అమ్ముకోవడానికి విప్పుకుపోయారు. దాన్ని కొన్న పాత ఇనుము వ్యాపారి, లోపలి పొడి చీకట్లో నీలంగా మెరవడం చూసి మురిసిపోయి బంధువులకు, స్నేహితులకు పంచిపెట్టాడు. నలుగురు చనిపోయారు, 249 మందికి రేడియోధార్మికత అంటింది. చనిపోయినవారిలో ఆరేళ్ల పాప ఉంది.

ఈ రెండు చోట్లా లోపలికి వెళ్లినవాళ్ల తప్పు వెతకడం తేలిక. వదిలేసి వెళ్లినవాళ్లను అడగడం కష్టం. మీరు ఆ కష్టమైన పని చేయాలని కోరుతున్నాను. ఫ్యాక్టరీ మూసే ముందు లోపల మిగిలిన ప్రతి పీపా, ప్రతి ట్రాన్స్‌ఫార్మర్, ప్రతి గొయ్యి రాసి ఇచ్చి, ప్రమాదకరమైనవి తీసేయించిన తర్వాతే మూసివేతకు ఆమోదం దొరకాలి. ఆ పట్టిక, కట్టడం నక్షా అగ్నిమాపక కేంద్రం చేతిలో ఉండాలి. యాజమాన్యం దివాలా తీసినా, కోర్టులో వ్యాజ్యం నడుస్తున్నా ఈ ఒక్క పని ఆగకూడదు. వూస్టర్ ఘటన తర్వాత అమెరికాలో అనేక చోట్ల ప్రమాదకరమైన ఖాళీ భవనాల ముందు ఎర్ర పలకలు పెట్టారు. గుర్తు చూడగానే లోపలికి వెళ్లవచ్చో లేదో సిబ్బందికి తెలుస్తుంది. ఒక రేకు, కాస్త రంగు చాలు. పనిచేసినవాళ్లు బతికుండగానే వాళ్లను వెంట తీసుకెళ్లి అడగాలి. ఇది ఆలస్యమైతే ఎంత డబ్బు పోసినా దొరకదు.

అన్నీ కూల్చేస్తే సరిపోతుంది కదా అంటారేమో. కొన్నింటిని కూల్చక తప్పదు. కానీ ఆ గోదాములో స్తంభాలు పైకి వెళ్లేకొద్దీ పుట్టగొడుగుల్లా విచ్చుకుని, దూలాలు లేకుండానే శ్లాబును మోస్తున్నాయి. స్విస్ ఇంజినీరు రాబర్ట్ మయార్ 1910లో జ్యూరిక్‌లో ఒక గిడ్డంగికి ఇలాంటి నిర్మాణమే చేశారని మా ఇంజినీరు చెప్పి, ఒక స్తంభాన్ని అరచేత్తో నిమిరారు. పైన పెచ్చులూడినా ఈ స్తంభాలు గట్టిగానే ఉన్నాయన్నారు. జర్మనీలో డ్యూయిస్‌బర్గ్‌లో 1985లో ఆగిపోయిన ఇనుప కర్మాగారాన్ని కూల్చకుండా శుభ్రం చేసి, 1994లో జనం తిరిగే పార్కుగా తెరిచారు. ఇప్పుడు అక్కడ ఇనుము కరిగించిన పాత కొలిమి (బ్లాస్ట్ ఫర్నేస్) మీదికి మెట్లెక్కి వెళ్లవచ్చు, గోడ దూకనక్కర్లేదు. ఏది నిలుస్తుందో, ఏది నిలవదో తేలాలన్నా ముందు లోపలికి వెళ్లి చూడాలి కదా.

ఆ పుట్టగొడుగు స్తంభాల్లో ఒకదాని మీద, భుజం ఎత్తున, సుద్దముక్కతో గీసిన గీతలున్నాయి. నాలుగు నిలువు గీతలు, వాటికి అడ్డంగా ఒకటి, మళ్లీ నాలుగు. బస్తాల లెక్క. చివరి వరుసలో రెండే గీతలు. పెద్దాయన వాటిని చూసి, “ఇది మా వాడి చెయ్యే” అన్నారు. ఎవరని నేను అడగలేదు. ఆయన కూడా చెప్పలేదు, కానీ అక్కడినుంచి కదలడానికి చాలాసేపు పట్టింది.

మీకు వీలైన ఒక రోజు చెప్పండి. మంచి బూట్లు, హెల్మెట్, ముక్కుకు మాస్కు, రెండు టార్చిలైట్లు ఉంటే చాలు. ఆ పెద్దాయనకు ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, అయినా వస్తానన్నారు. ముందు ఆయన నడుస్తారు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పౌరుడు